ఇచ్చెడి చేయి – పుచ్చుకొనెడి చేయి

దయ యనగా నేమి యని యడిగినచో మనలో ననేకులు తడవుకొనక చెప్పెడి సమాధాన మొక్కటియే: కలవాడు లేనివాని కిచ్చుట. ఆకొన్నవానికి అన్నము, చలికి వణకువానికి వస్త్రము, రోగికి మందు. ఇది తప్పని యెవ్వరనగలరు? దానమును కొనియాడని మతము భూమిమీద లేదు. మన యిండ్లలో బిడ్డలకు మొట్టమొదట నేర్పెడి నీతులలో నిది యొకటి. అయినను ఇచ్చుటయందొక చిక్కు కలదు. ఇచ్చువాని చేయి పైనుండును. పుచ్చుకొనువాని చేయి క్రిందనుండును. దానము ముగిసిన పిమ్మట నన్నము జీర్ణమైపోవును, వస్త్రము చిరిగిపోవును. ఆ మీదుక్రిందులు మాత్రము మనసులలో నిలిచిపోవును. పోతన భాగవతమందు బలిచక్రవర్తి వామనునకు దానమిచ్చుచు, శ్రీహరి చేయి క్రిందుగను తన చేయి మీదుగను ఉండుటకంటె వేరు భాగ్యమేమి కావలెనని పొంగిపోవును. ఆ ఘట్టమును చదివి ముగ్ధులు కాని తెలుగువారుండరు. అందు దాతయొక్క గొప్పతనమును మనము చూచుచున్నాము. యాచించుటకు దిగివచ్చిన దేవునియొక్క గొప్పతనమును చూచుట అరుదు.

క్రైస్తవ వాఙ్మయమునుండి మన తెలుగువారికి వచ్చిన దయాకథలు కొన్ని కలవు. పాఠశాల వాచకములలోను, దేవాలయ ప్రసంగములలోను, కథాసంపుటములలోను అవి తరతరములుగా వినబడుచున్నవి. వానిని మనము సగమే చదువుచున్నామని నా యభిప్రాయము. దీనులకు ఇయ్యవలెనను సగమును చదివి, దీనులయొద్ద పుచ్చుకొనవలెనను సగమును విడిచితిమి. సువార్తలందలి రెండు ఘట్టములను, రష్యాదేశపు కథ నొకదానిని, మన తెలుగుకావ్యము నొకదానిని ఎదురెదురుగా నుంచి ఈ మాటను పరీక్షింపదలచితిని.

లూకా సువార్త 10వ అధ్యాయమందలి యుపమానము మిక్కిలి ప్రసిద్ధమైనది. ధర్మశాస్త్ర మెఱిగిన యొకడు యేసునొద్దకు వచ్చి నిత్యజీవమునకు మార్గమేమని యడిగి, పొరుగువానిని ప్రేమింపవలెనను ఆజ్ఞను తానే ఒప్పజెప్పి, ఆపై నా పొరుగువాడెవడని మరల ప్రశ్నించెను. దానికి యేసు చెప్పిన కథ యిది. యెరూషలేమునుండి యెరికోకు దిగిపోవుచున్న యొక బాటసారిని దొంగలు కొట్టి, దోచుకొని, కొనయూపిరితో విడిచిపోయిరి. ఆ త్రోవ యెట్టిదో తెలిసినచో కథ మఱింత తేటపడును. యెరూషలేము సముద్రమట్టమునకు సుమారు 750 మీటర్ల యెత్తున నున్నది. యెరికో సముద్రమట్టమునకు సుమారు 250 మీటర్ల దిగువన నున్నది. పాతిక కిలోమీటర్ల పైచిలుకు దారిలో వేయి మీటర్ల దిగుడు. ఇరువైపుల బోడికొండలు, లోయలు, కేకవేసినను వినువారుండరు. అట్టిచోట పడియున్నవానిని యాజకుడొకడు చూచి ప్రక్కగా పోయెను. లేవీయుడొకడును అట్లే పోయెను. పిదప నొక సమరయుడు వచ్చి, గాయములకు నూనెయు ద్రాక్షారసమును పోసి, కట్టుకట్టి, తన వాహనముమీద నెక్కించుకొని సత్రమునకు జేర్చి, మఱునాడు రెండు దేనారములు సత్రపువాని చేతబెట్టి, ఇంకను కర్చైనచో తిరిగివచ్చునపుడు తీర్చెదనని చెప్పిపోయెను. దేనారమనునది కూలివాని యొకదినపు కూలి యని మత్తయి సువార్తయందలి ద్రాక్షతోట కథవలన తెలియుచున్నది. అనగా సమరయుడిచ్చినది రెండుదినముల కూలి. ఇది ధనికుని విలాసదానము కాదు. లెక్క తెలిసినవాడు, బాధ్యత నెఱిగినవాడు చేసిన పని.

ఇంతవరకు అందఱును చెప్పుచునేయున్నారు. ఇక విడిచిన సగమును చూతము. ఈ కథకు లోకమంతటను "మంచి సమరయుడు" అను పేరు వాడుకలోనికి వచ్చినది. మూలమునందు "మంచి" యను మాట లేదు. ఆ విశేషణము తరువాతివారు తగిలించినది. మంచి సమరయుడనుటలో, తక్కిన సమరయులు మంచివారు కారను భావము తెలియకయే చొరబడుచున్నది. మనవారు "వాడు కులము తక్కువవాడైనను మంచివాడు" అను నపుడు, ఆ "అయినను" అను మాట యెట్టి విషమును మోయుచున్నదో యీ విశేషణమును అట్టి విషమునే మోయుచున్నది.

యూదులకును సమరయులకును గల వైరము పాతది. సమరయులు యెరూషలేమున గాక గెరిజీము కొండమీద నారాధించెడివారు. క్రీస్తు పూర్వము రెండవ శతాబ్దమున వారి గుడిని యూదపాలకుడు కూలద్రోయించెను. ఉపమానమును విన్నవారు యూదులు. దీనులకు సాయపడుడని నేర్పుటయే యేసు ఉద్దేశమైనచో కథను మఱియొక విధమున చెప్పియుండును: త్రోవలో సమరయుడు పడియుండును, దయగల యూదుడొకడు వచ్చి యెత్తుకొనును. విన్నవారందఱును సంతోషించి, తమ జాతి యౌదార్యమును తలపోసికొనుచు ఇండ్లకు పోయియుందురు. ఆయన అట్లు చెప్పలేదు. అసహ్యింపబడినవానిని దాతపీఠముమీద కూర్చుండబెట్టెను. వినువానికి ఆ కథలో నిలుచుటకు చోటేది? యాజకుడుగా నిలుచుటకు సిగ్గు. సమరయుడుగా నిలుచుటకు మనసొప్పదు. ఇక మిగిలిన దొక్కటే: దెబ్బలుతిని నేలబడియున్నవాని చోటు. తాను తాకనొల్లనివాని చేతులు తన గాయములను తాకుచుండగా కన్నులు తెఱచి చూచు చోటది.

కథ ముగిసిన పిమ్మట యేసు ప్రశ్నను త్రిప్పివేసెను. నా పొరుగువాడెవడని శాస్త్రి యడిగెను. పడియున్నవానికి పొరుగువాడైన దెవడని యేసు అడిగెను. శాస్త్రి యిచ్చిన యుత్తరమును నిదానించి చూడుడు. సమరయుడని చెప్పుటకు వాని నోరు రాలేదు. జాలి చూపినవాడని మాత్రము చెప్పి తప్పించుకొనెను. మేలును ఒప్పుకొనగలిగెను గాని, మేలుచేసినవాని పేరును పలుకలేకపోయెను. ఈ చిన్న సంగతిని వ్రాసిపెట్టిన సువార్తికుని సూక్ష్మదృష్టికి జోహారు చేయవలసినదే.

రెండవ ఘట్టము యోహాను సువార్త 4వ అధ్యాయములోనిది. మిట్టమధ్యాహ్నము, సమరయదేశమందలి యొక నూతిగట్టు. నడచి యలసిన యేసు కూర్చుండియున్నాడు. చేదుకొనుటకు ఆయనయొద్ద పాత్ర లేదు. నీళ్లకు వచ్చిన సమరయస్త్రీని దాహమిమ్మని యడిగెను. ఆమె దిగ్భ్రమచెందెను, యూదుడు తన్ను నీళ్లడుగుటయా? యూదులు సమరయులతో పొత్తు పెట్టుకొనరని సువార్తికుడు వివరణము వ్రాసెను. ఆ మాటకు ఒకే పాత్రను కలసి వాడుకొనకుండుట యని యర్థము చెప్పు పండితులు కలరు. ఈ యర్థమును తెలుగువాని కెవ్వరును విడమరచి చెప్పనక్కఱలేదు. వేరు నుయ్యి, వేరు చేద, దూరమునుండి దోసిట పోయు నీరు, వీనినన్నిటిని మన పల్లెలు చూచినవే.

ఇక్కడ యేసు ఆమెకేదియు ఇచ్చుటతో మొదలుపెట్టలేదు, అడుగుటతో మొదలుపెట్టెను. జీవజలమును గూర్చిన బోధ తరువాత వచ్చినది. ముందు దాహము, ఆపై ధర్మము. ఆయన నీళ్లు త్రాగెనో లేదో సువార్త చెప్పదు. ఆమె కుండను అక్కడనే విడిచి ఊరిలోనికి పరుగెత్తెనని మాత్రము చెప్పుచున్నది. అడిగిన యా యొక్క మాటయే చేయవలసిన పని చేసెను. తన చేతి నీటికి మైల లేదని ఆమెకు తెలిసినది. బౌద్ధ కథలయందు ఆనందుడు చండాలకన్యను నీళ్లడిగిన వృత్తాంతము ఇట్టిదే. దానిని గ్రహించి రవీంద్రనాథ ఠాకూరు 1933లో "చండాలిక" యను నాటకమును వ్రాసెను. ఇట్లు రెండు మతములవారు, ఒకరితో నొకరు సంప్రదించుకొనకయే, దయకు మొదటి మెట్టు నూతియొద్దనే యున్నదని కనుగొనిరి. ఆ మెట్టు ఇచ్చుట కాదు, పుచ్చుకొనుట.

ఇక టాల్‌స్టాయి కథకు వత్తము. 1885లో వెలువడిన "ప్రేమ యెచ్చట నున్నదో దేవుడచ్చటనే యున్నాడు" అను కథ ఆయన జనసామాన్యము కొఱకు వ్రాసిన చిన్నకథలలో నుత్తమమైనది. ఫ్రెంచిభాషలో రూబెన్ సయాన్ వ్రాసిన కథకు ఇది రష్యారూపము. మార్టిన్ అను చెప్పులు కుట్టువాడు నేలమాళిగలో నివసించుచుండును. వాని కిటికీలోనుండి వీధిన బోవువారి కాళ్లు మాత్రమే కనబడును. జోళ్లనుబట్టి మనుష్యులను గుర్తుపట్టును. భార్యయు బిడ్డలును పోయి, మిగిలిన యొక్క కొడుకును పోగా, దేవునిమీద అలిగియున్నవానికి, స్వగ్రామమునుండి వచ్చిన ముసలి యాత్రికుడొకడు దేవునికొఱకు జీవింపుమని చెప్పిపోవును. మార్టిన్ సువార్త చదువ మొదలిడును. ఒక రాత్రి, రేపు వీధివంక చూచుచుండుము, నేను వచ్చెదనను స్వరము వినబడును. మఱునాడు వాడు క్రీస్తుకొఱకు ఎదురుచూచుచుండగా, మంచు నెత్తిపోయు ముసలి స్తెపానిచ్ కనబడును. వానిని లోనికి పిలిచి తేనీరిచ్చును. చంకబిడ్డతో వేసవిబట్టలలో వణకుచున్న సిపాయి భార్య కనబడును. ఆమెకు వేడి పులుసును, పాతకోటును, తాకట్టుపెట్టిన శాలువను విడిపించుకొనుటకు ఇరువది కోపెక్కులును ఇచ్చును. ఆపిలుపండ్లమ్ము ముసలమ్మకును, పండు దొంగిలించిన కుఱ్ఱవానికిని తగవు తీర్చును. రాత్రి, వారందఱి రూపమున వచ్చినది తానేయని స్వరము చెప్పును. పుస్తకము తెఱవగా మత్తయి సువార్త 25వ అధ్యాయము కనబడును: ఆకొన్నవానికిని, దప్పిగొన్నవానికిని, పరదేశికిని, దిగంబరికిని, రోగికిని, చెఱసాలలోనివానికిని చేసినది తనకే చేసినట్లని ప్రభువు చెప్పు భాగమది.

ఈ కథ మన హృదయమును కరగించును. అయినను విమర్శకుడు కరగిపోయి ఊరకుండరాదు. మొదటి రెండు సంఘటనలలోను మార్టిన్ ఇచ్చువాడు, వచ్చినవారు పుచ్చుకొనువారు; వారు కృతజ్ఞతలు చెప్పి పోవుచున్నారు. మూడవ సంఘటన వేరు. అక్కడ మార్టిన్ ఇచ్చినది ఒక్క ఆపిలుపండు మాత్రమే. తక్కినదంతయు ఆ యిద్దఱును ఒకరికొకరు ఇచ్చికొన్నది: ముసలమ్మ క్షమించెను, కుఱ్ఱవాడామె బరువుమూటను తన భుజముమీద వేసికొని నడచెను. దొంగగా పట్టుబడిన పిల్లవాడు దాతయైనాడు. మూడింటిలోను శ్రేష్ఠమైన ఘట్టమిదియే యని నా మతము. మఱియొక సంగతి. ముందునాటి రాత్రి మార్టిన్ చదివినది లూకా సువార్త 7వ అధ్యాయము: తన్ను విందునకు పిలిచిన పరిసయ్యుడు కాళ్లకు నీళ్లియ్యలేదు, ఊరందఱును పాపాత్మురాలని విడనాడిన స్త్రీ కన్నీటితో ఆయన పాదములను కడిగెను. ఆమె స్పర్శను యేసు త్రోసివేయలేదు. కథకు మూలకందమైన యీ భాగమందు ప్రభువు అతిథి, పుచ్చుకొనువాడు. కాని టాల్‌స్టాయి మార్టిన్‌ను ఆతిథ్యమిచ్చువానిగానే చివరివఱకు నుంచినాడు. తేనీరు త్రాగిన స్తెపానిచ్‌యింటికి మార్టిన్ ఎన్నడైన పోయెనా? వాని రొట్టె తినెనా? కథ చెప్పదు.

ఇందులో నొక చిన్న వర్ణన కలదు. సిపాయి భార్య తినుచుండగా మార్టిన్ బిడ్డను నవ్వించుటకు వేలు చూపును; బిడ్డ ఆ వేలిని నోట బెట్టుకొనకుండ వెనుకకు తీసికొనును. ఏలయనగా వేలికి చెప్పులవాని మైనము అంటి నల్లగా నున్నది. రష్యాలో ఆ నలుపు మైనపు నలుపు, కడిగినచో పోవును. అదే కథను తెలుగుదేశపు పల్లెలో నుంచి చూడుడు. చెప్పులు కుట్టువాని గుడిసెలోనికి స్తెపానిచ్ వచ్చి వాని చేతి తేనీరు త్రాగునా? పరదేశపు స్త్రీ వాని కుండలోని పులుసు తినునా? బిడ్డను వాని చేతికిచ్చునా? మన దేశమున వాని వేలి నలుపు పుట్టుకనుండి వచ్చినదనియు, ఏ నీటితోను కడుగబడదనియు శాస్త్రములు చెప్పినవారుండిరి. అక్కడ కథ నడచుటకు మార్టిన్‌కు దయ గలిగినచో చాలును. ఇక్కడ ఆ దయను పుచ్చుకొను ధైర్యము వచ్చినవారికుండవలెను. అందుచేత నీ కథను మన బాలబాలికలకు చెప్పునపుడు, ఇచ్చుట నేర్చుకొనుడని చెప్పి ముగించుట చాలదు.

ఈ తలపు కేవలము ఊహ కాదు. చెప్పులు కుట్టెడి జనులనుగూర్చి ఆంగ్లమున నొక పుస్తకము 1899లో వెలువడినది. చెప్పులు కుట్టుచుండగా చెప్పుకొన్న కథలను నర్థము వచ్చునట్లు దానికి పేరు పెట్టినది ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. ఒంగోలునందు పనిచేసిన అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌగారి భార్య ఆమె. పై పేరున తెలుగు మాదిగలను "పఱయ తెగ" యని పేర్కొనుట ఆ కాలపు పరదేశుల దృష్టిదోషము. అయినను, ఎవ్వరును అడిగి వినని ముసలివారిని కూర్చుండబెట్టి, వారి పురాణములను, వారి గురువులను, వారి యన్వేషణమును వ్రాసికొన్నందులకు ఆమెకు తెలుగువారు ఋణపడియున్నారు. అరుంధతి తమ యాడుపడుచని ఆ జనులు చెప్పుకొను ఐతిహ్యము అందు కలదు. పెండ్లినాడు నవదంపతులకు మనము వేలెత్తి చూపునది ఆ యరుంధతినే. నక్షత్రమును చూపుదుము; ఆమె పుట్టినింటివారిని మాత్రము వాకిటనుండి దూరముగా నుంచుదుము. ఇంతకంటె చేదైన హాస్యము మన గృహస్థధర్మమందు వేరొకటి లేదు.

ఒంగోలు మిషను చరిత్రయందు జనులు చెప్పుకొనునవి రెండంకెలు. 1876-78 కరవున క్లౌ బకింగ్‌హాము కాలువలో కొన్ని మైళ్ల త్రవ్వకమునకు గుత్త తీసికొని, ఆకలిగొన్న వేలమందికి పని కల్పించి కూలి యిచ్చెను, భిక్ష వేయలేదు. కరవుకాలమంతయు బాప్తిస్మము లియ్యక నిలిపివేసెను. అన్నమునకై వచ్చినవారని ఎవ్వరును అనకుండుటకు, అన్నమును మతమునకు వెలగా చేయకుండుటకు, ఆ పని చేసెను. కరవు తగ్గిన పిమ్మట, 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యేటిలో ఒక్కదినముననే 2,222 మందికి బాప్తిస్మములు జరిగెను. బేరమును దయనుండి వేరుచేసిన యీ నడవడి మెచ్చదగినది. నేటి పరోపకారులును, ఏ మతమువారైనను, నేర్చుకొనదగినది.

అయితే ఈ యంకెల వెనుకనున్న మనుష్యుని మఱచుచున్నాము. ఆయన పేరు యెఱ్ఱగుంట్ల పేరయ్య. తాళ్లకొండపాడు గ్రామపు మాదిగ, తోళ్ల వర్తకుడు. పలువురు గురువులను సేవించి, తృప్తిలేక వెదకి, చివరకు క్రైస్తవబోధను విని, తన జనులకు చెప్పి, 1866లో తానే మిషనరీలను వెదకికొని వచ్చినవాడు. ఒంగోలులో క్లౌకు మొదట ఆశ చూపినవారు పై కులములవారు. మాదిగలను చేర్చుకొన్నచో మా పిల్లలను బడి మాన్పించెదమని వారు పట్టుబట్టగా, క్లౌ దంపతులు వేర్వేరు గదులలో ప్రార్థించుకొనుచు బైబిలు తెఱువగా ఇద్దఱికిని ఒకే భాగము, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో లోకము నీచులని యెంచినవారిని దేవుడేర్పఱచుకొనెనను భాగము, కనబడెనని క్లౌ చరిత్రలో చెప్పబడియున్నది. ఈ వృత్తాంతమును చెప్పువారు క్లౌ దయను పొగడుదురు. నేను దానిని మఱియొక విధమున చదువుచున్నాను. ఆనాడు ఇచ్చినవాడు పేరయ్య, పుచ్చుకొన్నవాడు క్లౌ. పరదేశికి ఒక జాతిజాతినే తెచ్చి యప్పగించినది తోళ్లవర్తకుని చేయి. క్లౌయొక్క గొప్పతనము ఆ చేతిని పుచ్చుకొనుటలో నున్నది.

ఇక జాషువ. 1895లో వినుకొండలో క్రైస్తవకుటుంబమున పుట్టి, అంటరానితనమును జీవితమంతయు అనుభవించిన గుఱ్ఱము జాషువ 1941లో "గబ్బిలము"ను ప్రకటించెను. కాళిదాసు మేఘసందేశమున యక్షుడు ప్రియురాలికి మేఘముతో కబురంపును. జాషువ కావ్యమున అరుంధతీసుతుడు, అనగా మాదిగ, కాశీవిశ్వనాథునకు గబ్బిలముతో కబురంపును. హంసయు చిలుకయు వానిమాట మోయవు. గబ్బిలమునకు గుడిలోనికి అడ్డులేదు; మనుష్యునకు అడ్డు కలదు. పూజారి లేని సమయము చూచి దేవుని చెవిలో చెప్పుమని వాడు గబ్బిలమును వేడికొనును.

వాడు కోరినదేమి? కావ్యమును చదువునపుడు కొందఱు కన్నీరు పెట్టి, పాపము బీదవాడని పుస్తకము మూయుదురు. ఆ కన్నీటిని తప్పుపట్టను. కాని అది కావ్యమడిగిన వస్తువు కాదు. వాడు భిక్ష నడుగలేదు. పొలములను పండించువాడు తానే. పంట తన రెక్కలదే. లోకమునకు అన్నము పెట్టి తాను పస్తుండువాడు తానే యని చెప్పుచున్నాడు. అనగా వాడు దాత. మన చిక్కంతయు నిక్కడనే బయటపడినది. వాని చేతి ధాన్యమును పుచ్చుకొందుము, వాని చేతి నీటిని పుచ్చుకొనము. వాడు కుట్టిన చెప్పులు తొడిగికొందుము, వాడు కూర్చున్న అరుగున కూర్చుండము. దానమును స్వీకరించి, దాతను గెంటివేసిన లోకమిది. ఉపమానమందలి శాస్త్రి సమరయుని పేరును పలుకలేకపోయెను. మనము అన్నము తినుచు పండించినవాని పేరును పలుకలేకయున్నాము. జాషువకంటె ముందు యోహాను సువార్తకును, టాల్‌స్టాయి కథకును తెలుగున నిట్టి వ్యాఖ్యానము వ్రాసినవారు నాకు కనబడలేదు. ఆయన వానికి వ్యాఖ్యానమని చెప్పి వ్రాసినదియు కాదు. క్రైస్తవుడైన కవి తన మొఱను కాశికి పంపుట చూచి అప్పటివారు ఆశ్చర్యపడియుండవచ్చును. తలుపు మూసియున్నచోటనే తలుపు తట్టవలెను గదా!

ఇందుపై రెండు ఆక్షేపణలు రాగలవు. మొదటిది: ఆకలితో చచ్చువానికి కావలసినది అన్నము, వాని చేతి నీళ్లు మనము త్రాగినచో వాని కడుపు నిండునా? నిండదు. అందుచేతనే సమరయుడు రెండు దేనారములిచ్చెను. క్లౌ కాలువ త్రవ్వించెను. ఇయ్యవద్దని నేను చెప్పుట లేదు. ఇచ్చుటతోనే పని తీరినదని నమ్మవద్దని చెప్పుచున్నాను. వానియొద్ద పుచ్చుకొనని యీవి వానిని ఎల్లకాలము క్రిందనే యుంచును. లూకా సువార్త 14వ అధ్యాయమున విందునకు బీదలను, అంగహీనులను, కుంటివారిని, గ్రుడ్డివారిని పిలువుమని యున్నది. వారికి అన్నము పంపుమని లేదు. ప్రక్కన కూర్చుండబెట్టుకొనుమనియే దానియర్థము.

రెండవ ఆక్షేపణ: క్రైస్తవులలో మాత్రము కులము లేదా? కలదు. మాలక్రైస్తవులనియు, మాదిగక్రైస్తవులనియు, పై కులపు క్రైస్తవులనియు వేరుపడి, పెండ్లిసంబంధములలోను, కొన్నిచోట్ల శ్మశానములలోను ఆ భేదమును పాటించుట తెలుగునాట ఎల్లరు నెఱిగినదే. జాషువ పౌరాణిక విషయములపై కవిత్వము చెప్పినందులకు సొంత మతస్థులును ఆయనను నిందించిరి. ఒక మతము ఉత్తమకథను కలిగియుండుట వేఱు, ఆ కథను బ్రతుకుట వేఱు. కావుననే ఈ వ్యాసమున మతమును పొగడుటకు గాక, కథను చదువుటకు పూనుకొంటిని. మంచికథ ఎవ్వని సొత్తును కాదు. అది ముందుగా తన్ను చెప్పుకొను వారినే నిలదీయును.

ఒంటరివారి విషయముకూడ ఇట్టిదే. కొడుకులు దూరదేశములకు పోగా ఇంటనో వృద్ధాశ్రమమునందో మిగిలిన ముసలివారికి మందులు, భోజనము, సొమ్ము అందుచునే యుండవచ్చును. అయినను వారు కుమిలిపోవుచుందురు. ఏలన, వారియొద్దనుండి ఎవ్వరును ఏమియు అడుగుట లేదు. ఆవకాయ యెట్లు కలుపవలెనో యడుగువారు లేరు. పాతపాట యొకటి నేర్పుమనువారు లేరు. యాత్రికుడు మార్టిన్‌ను ఓదార్చినది దయ చూపి కాదు, పని చూపి. నీకొఱకు గాక జీవింపుమని చెప్పుటయనగా, నీయొద్ద నింకను ఇచ్చుటకేదో కలదని చెప్పుటయే. ఒంటరివానికి మనము చేయగల యుపకారములలో మొదటిది, వాని యుపకారమును కోరుట.

అంటరానితనము నిషేధింపబడినదని 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణమున శాసించినది. నూతులు వీధికుళాయిలైనవి, కుళాయిలు ఇంటింటికి వచ్చినవి. అయినను పల్లెల తేనీటి దుకాణములలో రెండు గ్లాసుల పద్ధతి చట్టము వచ్చిన పిమ్మటను ఎన్నో యేండ్లు బ్రతికియే యుండెను. పట్టణములందు చదువుకొన్న సంసారుల వంటయింటిలోనికి వచ్చి చూడుడు. పనిచేయు స్త్రీకి పండుగనాడు చీరయిత్తురు, ఆమె బిడ్డ బడిజీతము కట్టుదురు, జ్వరము వచ్చినచో మాత్రలిత్తురు. అన్నియు మెచ్చదగినవే. అయినను గూటిలో నొక మూల ఆమె గ్లాసు వేరుగా బోరగిలబెట్టి యుండును. ఇంటి గిన్నెలన్నిటిని తోమునది ఆమె చేయియే; ఆ గిన్నెలలో నొకదానితో నీళ్లు త్రాగుటకు మాత్రము ఆ చేయి తగదు! ఇది గబ్బిలమందలి వాదమే. పొలమునుండి వంటయింటికి వచ్చినది, అంతే.

సంస్కారము సభలలో తీర్మానింపబడును గాని వంటయింట నెరవేరును. ఈ పత్రికను చదువు గృహిణులను, గృహస్థులను నేను పెద్ద త్యాగము నడుగుట లేదు. ఆ వేరుగ్లాసును గూటిలోని తక్కిన గ్లాసులతో కలిపివేయుడు. ఆమె యింటి శుభకార్యమునకు పిలుపు వచ్చినపుడు, ఈవి పంపి ఊరకుండక, పోయి, ఆమె విస్తరి వేసినచోట కూర్చుండి, ఆమె వడ్డించినది తినుడు. ఆమె ముఖమున నప్పుడు కనబడు వెలుగు చీరయిచ్చిననాడు కనబడదు. చీరనాడు ఆమె పుచ్చుకొన్నది. భోజనమునాడు ఆమె ఇచ్చినది. దయ మనయొద్దనున్నదా లేదా యని పరీక్షించుకొనుటకు, ఎంత యిచ్చితిమను లెక్కకంటె, ఎవరిచేత పుచ్చుకొంటిమను లెక్క నిక్కమైనది.